తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే పొదుగువాపు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. రెండు జెర్సీ ఆవులున్నాయి. పెద్దావు రెండో ఈత ఈని మూడు నెలలైంది. నెల కిందట వెనక కుడి చన్ను గట్టిపడి పాలల్లో తరకలు వచ్చాయి. మా ఊరికి వచ్చి సూదులు వేసే అతను రెండు రోజులు సూది వేస్తే తగ్గింది. ఇరవై రోజులకి మళ్లీ అదే చన్ను వాచింది. పాలకేంద్రంలో పాలు కాచి చూస్తే విరిగిపోయాయని తిప్పి పంపేశారు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. పక్కింటివాళ్లు జెర్రిపోతు తాగి ఉంటుందంటున్నారు. మా ఆయన వచ్చే సంతకి తోలేద్దామంటున్నారు. ఆ చన్నుకి మళ్లీ మంచి పాలు వస్తాయా? ఆ పాలు దూడకి పట్టొచ్చా? రెండో ఆవు నెల రోజుల్లో ఈనాలి. దానికీ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, మిగతా సంగతులన్నీ తర్వాత. ముందు ఈ రోజు చేయాల్సింది చూడండి. ఆవు మేత తింటోందా, నెమరు వేస్తోందా, చెవులు చల్లబడ్డాయా, లేవగలుగుతోందా? పాలు తరకలతో కాకుండా పల్చగా నీళ్లలా పసుపుపచ్చగా వస్తున్నా, చన్ను చల్లగా అయి నీలం రంగుకి తిరుగుతున్నా, ఆవు మేత మానేసినా తెల్లారేదాకా ఆగకండి. 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆ రకం వాపులో గంటలు లెక్క. చన్నే కాదు, ఆవే దక్కకపోవచ్చు. మీరు రాసిన దాన్ని బట్టి మీ ఆవుది ఆ రకం కాదనిపిస్తోంది. అయినా ఒక్కసారి దగ్గర కూర్చుని చూడండి.

డాక్టరు వచ్చేలోపు ఆ చన్నులో పాలు నిలవ ఉంచకండి. మూడు నాలుగు గంటలకోసారి పూర్తిగా తీసెయ్యండి. నొప్పికి తన్నుతుంది, ఓపిగ్గా తియ్యాలి. తీసిన పాలు గిన్నెలో పట్టి దూరంగా గొయ్యి తీసి పోసి, పైన కాస్త సున్నం చల్లండి. సాలలో నేల మీద పిండితే రోగాన్ని మీ చేత్తో మీరే నేలంతా పరిచినట్టు. దూడకి పట్టకండి. ఆ చన్ను దగ్గరికి దూడని వెళ్లనివ్వకండి కూడా. ఆ పాలు తాగిన పెయ్యదూడలు ఒకదాని చన్నులు ఒకటి చీకితే, రేపు అవి పెరిగి మొదటి ఈత ఈనేనాటికే పొదుగు పాడై ఉండే ప్రమాదముంది.

ఇంకొక్క మాట. ఏ మందూ పడకముందే ఆ చన్ను పాలు కొంచెం పరీక్షకి తీసి ఉంచమని డాక్టరుగారిని అడగండి. చన్ను కొసని స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి నాలుగు ధారలు వదిలేసి, మూత ఉన్న శుభ్రమైన సీసాలో పట్టి చల్లగా ఉంచాలి. ఒకసారి వచ్చి తగ్గిన కేసుకి ఇంత అవసరం ఉండదు. తిరగబెట్టిన కేసుకి మాత్రం తప్పనిసరి. లోపల ఉన్నది ఏ బ్యాక్టీరియా, ఏ మందుకి లొంగుతుంది అన్నది తెలియకుండా ఇంకో రెండు సూదులు పొడిస్తే డబ్బూ పోతుంది, చన్నూ పోతుంది. మీ పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఈ పరీక్ష ఎక్కడ చేయించాలో డాక్టరుగారు చెబుతారు.

ఇక ఎందుకు తిరగబెట్టిందో చెప్తాను. రెండు సూదులకి తగ్గింది వాపే, రోగం కాదు. పొదుగువాపు తెచ్చే వాటిలో స్టాఫిలోకాకస్ అనే ఒక మొండి జాతి ఉంది. అది పొదుగు కండలోకి చొచ్చుకుపోయి, చుట్టూ గడ్డలు కట్టించి వాటి మధ్యన దాక్కుంటుంది. మందు అందినంత మేరకి చస్తుంది, వాపు దిగుతుంది, పాలు తెల్లగా కనిపిస్తాయి, మనం చాలనుకుంటాం. గడ్డల్లో మిగిలింది మెల్లగా మళ్లీ పెరుగుతుంది. మీ ఆవు ఇరవై రోజుల కథ సరిగ్గా ఇలాగే ఉంది. ఇంకో జాతి పేడలో, బురదలో ఉంటుంది. అది ఒక్కసారిగా విరుచుకుపడి జ్వరంతో ఆవుని పడేస్తుంది. మొదటిది ఎక్కువగా పాలు తీసే చేతుల ద్వారా ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి పాకుతుంది. రెండోది ఆవు పడుకునే చోటు నుంచి వస్తుంది. రెండింటికీ దారి ఒక్కటే, చన్ను కొసన ఉన్న ఆ చిన్న రంధ్రం.

జెర్రిపోతు మాట మీ ఊళ్లోనే కాదు, నేను మన వైపు తిరిగిన ప్రతి ఊళ్లోనూ విన్నాను. పాముకి చీకడానికి తగ్గ పెదవులు లేవు, దాని పళ్లు లోపలికి వంగి ఉంటాయి. అది చన్ను పట్టుకుంటే ఆవు ఊరుకుంటుందా? జెర్రిపోతు మన సాలకి వచ్చేది ఎలకల కోసం. పాలల్లో రక్తపు జీర కనిపిస్తే అది లోపల నరం చిట్లడం వల్లో, వాపు వల్లో, పాలు తీసేటప్పుడు నలిగిపోవడం వల్లో వస్తుంది. అత్తగారి మాట కాదనక్కర్లేదు. దిష్టి తీస్తే తియ్యనివ్వండి, ఆవుకి దానివల్ల నష్టం లేదు. కానీ దిష్టి తీశాం కదా అని రెండు రోజులు ఎదురుచూస్తే మాత్రం ఆ రెండు రోజుల్లోనే చన్ను పోతుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. రంధ్రం మూసుకుపోయిందని వేపపుల్లో కోడి ఈకో లోపలికి దూర్చడం. ఆ పని ఎవరు చేస్తామన్నా చెయ్యనివ్వకండి.

వైద్యం గురించి. డాక్టరు సూదిమందుతో పాటు చన్నులోకి ఎక్కించే ట్యూబులు ఇస్తారు. మూడు రోజులో అయిదు రోజులో ఎన్ని రాస్తే అన్నీ పూర్తి చెయ్యాలి. రెండో రోజుకే పాలు తెల్లబడ్డాయని మిగిలిన ట్యూబులు గూట్లో దాచిపెట్టే ఇళ్లు చాలా చూశాను. ట్యూబు ఎక్కించే ముందు చన్నులో పాలన్నీ తీసెయ్యాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కొసని స్పిరిట్ దూదితో గట్టిగా తుడవాలి. దూది మీద నలుపు అంటుతున్నంతసేపూ కొత్త దూదితో తుడుస్తూనే ఉండాలి. ట్యూబు ముక్కు మొత్తం లోపలికి తొయ్యక్కర్లేదు, కొసంత వెళ్తే చాలు. సగం ఒక చన్నుకి, సగం ఇంకో చన్నుకి అని పంచకూడదు. నొప్పికి, జ్వరానికి వేరే సూది వేస్తారు. అక్కడ ఒకటి గుర్తుంచుకోండి, డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకూడదని 2006లోనే ప్రభుత్వం నిషేధించింది. ఆ మందు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు చచ్చిపోయి, మన ఆకాశంలో అవి కనిపించకుండా పోయాయి. సూదులతను అది తీస్తే వద్దనండి, వేరే మందులున్నాయి.

మందు నడుస్తున్నన్నాళ్లూ, ఆపాక కనీసం 3 రోజులూ, ట్యూబు మీద ఇంకా ఎక్కువ రాసి ఉంటే అన్ని రోజులూ పాలు కేంద్రానికి పోయకండి. ఒక్క చన్నుకే ట్యూబు పెట్టాం, మిగతా మూడు చన్నుల పాలు పోయొచ్చు కదా అంటారు. మందు రక్తంలో కలిసి అన్ని చన్నులకీ వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. పూట గడవడం కష్టమని తెలిసే చెబుతున్నాను.

ఇంట్లో చేసుకోదగ్గది ఒకటుంది, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ కూడా రైతులకి చెబుతున్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తమలపాకుకి రాసే సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా నూరాలి. అది ఒక రోజుకి సరిపోతుంది. పాలన్నీ తీసి పొదుగు కడిగాక, గుప్పెడు ముద్దని నీళ్లలో పల్చగా కలిపి పొదుగంతా పట్టించాలి. రోజుకి ఎనిమిది పదిసార్లు, అయిదు రోజులు. రోజూ రెండు నిమ్మకాయలు కోసి తినిపించమని కూడా చెబుతారు. వాపు మొదలైన రోజునే పెడితే దీనివల్ల మంచి ఫలితం చూశాను. మీ ఆవుకి నెల దాటింది కాబట్టి డాక్టరు మందుతో పాటు పెట్టండి, మందు మానేసి కాదు. పాలు తీసే ముందు ఆ పూత శుభ్రంగా కడిగెయ్యాలి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. మిగతా మూడు చన్నులు బాగానే ఉన్నాయని మీకెలా తెలుసు? పొదుగువాపులో కంటికి కనిపించేది కొంతే. వాపు ఉండదు, పాలు తెల్లగానే ఉంటాయి, ఆవు మేస్తూనే ఉంటుంది. కానీ పూటకి ఒక గ్లాసు పాలు తగ్గుతాయి, కేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలల్లో ఉండే మిగతా ఘనపదార్థం) పడిపోతుంది, పాలు నాలిక మీద వేసుకుంటే కొంచెం ఉప్పగా తగులుతాయి. మనం దాణా తగ్గిందేమోననుకుంటాం. దీన్ని పట్టుకోవడానికి డాక్టర్ల దగ్గర నాలుగు గుంటల పళ్లెం, దానికో మందు ఉంటాయి. అది దొరక్కపోతే బట్టలుతికే సర్ఫ్ చాలు.

అర లీటరు నీళ్లలో 15 గ్రాముల సర్ఫ్ కలపండి. నాలుగు చిన్న స్టీలు గిన్నెలు వరసగా పెట్టి, ఒక్కో చన్ను పాలు ఒక్కో దాంట్లో రెండు చెంచాలు పిండండి. ఏది ఏ చన్నుదో తికమక పడకుండా ముందువి ముందు, వెనకవి వెనక ఉంచండి. ఒక్కో దాంట్లో అంతే సర్ఫ్ నీళ్లు పోసి గిన్నెని గుండ్రంగా తిప్పండి. మంచి పాలు నీళ్లలాగే కదులుతాయి. చెడిన పాలు అర నిమిషంలో చిక్కబడతాయి. కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దగా అయి గిన్నె అడుగుని పట్టుకుంటాయి, వంచితే తీగలా సాగుతాయి. బొబ్బిలి వైపు ఒకసారి ఇలాగే ఒకావిడ ముందు నాలుగు గిన్నెలు తిప్పాను. ఆవిడ వాచిన చన్ను చూడమని పిలిచింది. వాచని చన్నుల్లో కూడా ఒకటి తీగ సాగింది. ఆవిడ ఆ గిన్నె చేతిలోకి తీసుకుని, "దీని పాలేనండీ రోజూ మా పాపకి పోస్తున్నాను" అని అలాగే నిలబడిపోయింది. పదిహేను రోజులకోసారి ఈ పరీక్ష చేసుకోండి. ఈనిన మొదటి వారం మాత్రం చెయ్యకండి, జున్నుపాలు ఎలాగూ చిక్కబడతాయి.

మీరు పాలు ఎలా తీస్తారో రాయలేదు. మన వైపు చాలామంది బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నుని నొక్కి లాగుతారు. దానివల్ల లోపలి పొర నలిగి పుండు పడుతుంది, రోగానికి అది ఆహ్వానం. అయిదు వేళ్లతో గుప్పిట పట్టి, పైనుంచి కిందికి ఒక్కో వేలూ నొక్కుతూ తియ్యాలి. మొదట్లో చెయ్యి నొప్పెడుతుంది, వారంలో అలవాటవుతుంది. పాలతోనో ఉమ్మితోనో వేళ్లు తడుపుకునే అలవాటుంటే మానెయ్యండి. దూడ కుడిచిన కాసేపటికి ఆవు చేపుతుంది కదా, ఆ చేపు అయిదారు నిమిషాలకి మించి నిలవదు. ఆలోపే తీసెయ్యాలి. ఫోన్ వచ్చిందని మధ్యలో లేచిపోతే పాలు పొదుగులోనే ఉండిపోతాయి.

పొదుగు మొత్తం మీద బకెట్ నీళ్లు గుమ్మరించకండి. పైనున్న పేడంతా కారి చన్ను కొసకే వస్తుంది. చన్నులు మాత్రం కడిగి, ఆరిన గుడ్డతో తుడవండి. ఒక్కో ఆవుకి ఒక్కో గుడ్డ, రోజూ ఉతికి ఎండలో వెయ్యాలి. మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ చుట్టిన గిన్నెలో పిండి చూడండి. తరకలుంటే ఆ నలుపు మీద వెంటనే కనిపిస్తాయి, కేంద్రం దాకా వెళ్లి అవమానపడక్కర్లేదు. ముందు మంచి ఆవు, తర్వాత రోగపు ఆవు. రోగపు ఆవులో కూడా ముందు మంచి చన్నులు, చివర్న చెడిన చన్ను. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాలు తీశాక వచ్చే అరగంట. పాలు తీసేశాక చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు, ఇరవై ముప్పై నిమిషాలు తెరుచుకునే ఉంటుంది. సాధారణంగా మన ఇళ్లలో ఏం జరుగుతుంది? పాలు తీసినావిడ చెంబు పట్టుకుని లోపలికి వెళ్తుంది. ఆవు దాణా పాలు తీసేటప్పుడే తినేసింది. పొదుగు తేలికైంది, హాయిగా ఉంది. కాళ్లు మడిచి అక్కడే తడి పేడ మీద పడుకుంటుంది. చన్ను కొసన ఇంకా ఒక పాల బొట్టు వేలాడుతూ ఉంటుంది. అది పేడకి ఆనుతుంది. రోగం లోపలికి వెళ్లే దృశ్యం ఇంతే, రోజూ రెండు పూటలా మన కళ్ల ముందే జరుగుతుంది. అందుకే పాలు తీయగానే నాలుగు చన్నుల్నీ అయోడిన్ మందులో ముంచండి. చన్నులు ముంచడానికని తయారుచేసినది పశువుల మందుల షాపులో దొరుకుతుంది. మామూలు పోవిడోన్ అయోడిన్ కొంటే మాత్రం ఎన్ని పాళ్లు నీళ్లు, ఎంత గ్లిజరిన్ కలపాలో డాక్టరుని అడిగి కలపండి. ముంచాక గిన్నెలో మిగిలినది పారబోయాలి, మళ్లీ సీసాలో పొయ్యకూడదు. ఆ తర్వాత పచ్చగడ్డో వరిగడ్డో ముందు వెయ్యండి. తింటూ అరగంట నిలబడితే చాలు.

పడుకునే చోటు పొడిగా ఉండాలని అందరికీ తెలుసు, వానాకాలంలో కుదరదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస, మందస వైపు పాకలు లేపేసినప్పుడు పశువులు రోజుల తరబడి బురదలోనే ఉన్నాయి. అలాంటప్పుడు మనిషి చేయగలిగింది తక్కువ. మామూలు వానలకి మాత్రం దారి ఉంది. ఆవు వెనక కాళ్ల వైపుకి నేల వాలుగా ఉండి మూత్రం కాలువలోకి పోవాలి, గెత్తం (పేడ ఎరువు) కుప్ప సాలకి దూరంగా ఉండాలి. పడుకునే చోట పొడి ఇసుక పరిస్తే అన్నిటికన్నా మంచిది, ఇసుకలో బ్యాక్టీరియా అంతగా పెరగదు. తడిసిన ఊకా రంపపు పొట్టూ మాత్రం వద్దు. వారానికోసారి పొడి సున్నం చల్లి, పైన ఇసుక కప్పండి. ఈగలకి సాయంత్రం వేపాకు పొగ.

రెండో ఆవు సంగతి. నెలలో ఈనుతుందంటే ఇప్పటికే వట్టిపోయి ఉండాలి. పాలు ఆపేసి ఉంటే ఊరికే చన్నులు పిండి చూడకండి. లోపల మైనంలా ఒక బిరడా ఏర్పడి రంధ్రాన్ని మూసి ఉంచుతుంది, పిండితే అది ఊడిపోతుంది. పాలు ఆపేటప్పుడు చన్నుల్లో పెట్టే ట్యూబులు ఇప్పుడు పెట్టించకండి, ఆలస్యమైంది. వాటి మందు ఈనాక పాలల్లోకి వస్తుంది. ఈనే పది రోజుల ముందు నుంచి రోజుకోసారి చన్నుల్ని అయోడిన్ మందులో ముంచండి. ఆ ఆవుని పెద్దావుకి దూరంగా, వీలైతే సాల రెండో చివర కట్టండి. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. విటమిన్ ఈ, సెలీనియం సూది అవసరమా అని డాక్టరుని అడగండి. ఈనిన రోజున పొదుగు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి, పాలు మాత్రం మామూలుగా ఉంటే అది నీరు పట్టడం, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. వేడిగా ఉండి, ముట్టుకోనివ్వకుండా, తరకలొస్తే అది పొదుగువాపు. ఈనిన మూడు రోజుల్లోపు ఆవు తూలినా, పడిపోయినా అది పాలజ్వరం కావచ్చు. అప్పుడు చన్ను రంధ్రం కూడా వదులై, ఆవు పడుకున్న మురికంతా లోపలికి పోతుంది. వెంటనే కాల్షియం ఎక్కించే డాక్టరు కావాలి.

ఇక సంత మాట. ఆ చన్నుకి మళ్లీ మంచి పాలు వస్తాయా అని అడిగారు. వేలితో నొక్కి చూడండి. లోపల గోలీల్లా, కర్రలా గట్టిగా తగిలితే ఆ చన్ను పూర్తిగా కోలుకునే ఆశ తక్కువ. మెత్తగా ఉంటే, పూర్తి కోర్సు పడితే వస్తుంది. ఒక్క చన్ను పోయినా మూడు చన్నుల ఆవు పనికిరానిది కాదమ్మా. ఈని మూడు నెలలే అయింది, మిగతా మూడు చన్నులు ఇంకా చాలా పాలు ఇస్తాయి. రోగం దాచి సంతలో అమ్మితే అది ఇంకో ఇంటి సాలలోకి పోతుంది. అక్కడా మీలాంటి ఆడమనిషే ఇలాగే ఉత్తరం రాస్తుంది. మీ ఆయనకి ఈ మాట నా తరఫున చెప్పండి.

కోర్సు అయ్యాక కూడా ఆ చన్ను ఊరుకోకపోతే, డాక్టరు సలహాతో దాన్ని ఒక్కదాన్నే పూర్తిగా ఆపేసి మూడింటితో నడపొచ్చు. చూడి కట్టించిన తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఆ తేదీకి ఏడు నెలలు నిండగానే, అంటే ఈనడానికి 60 రోజుల ముందు, పాలు ఆపేసి చివరి పూట నాలుగు చన్నులకీ డాక్టరు చేత ట్యూబులు పెట్టించండి. మొండి పొదుగువాపుని లోపలే చంపడానికి పాలిచ్చే రోజులకన్నా ఆ రెండు నెలలే అనువైన కాలం. ఈసారి సూదులతన్ని పిలవకండి. రేపు పొద్దున్న పాలు తీశాక సర్ఫ్ పరీక్ష చేసి, నాలుగు గిన్నెల్లో ఏం కనిపించిందో నాకు రాయండి.